దాలయ్య మాటలు

ఉష ఉద్యోగం మాటలు రాయడం. ఎచ్చెర్లలో ఎమ్మే తెలుగు చదివిన పిల్లకి ఇలాంటి ఉద్యోగం ఒకటి దొరుకుతుందని ఊళ్లో ఎవరూ అనుకోలేదు. అసలు ఆమే అనుకోలేదు. విశాఖపట్నంలో ఆరుగురు కలిసి నడుపుకునే చిన్న కంపెనీ ఒకటి ఫోన్లో ఆడుకునే ఆట తయారుచేసింది. పేరు ‘మా రేవు’. అందులో తుపాకులు లేవు, పందాలు లేవు, గెలవడం ఓడడం లేదు. సముద్రపు ఒడ్డున ఒక పల్లె ఉంటుంది. ఆడేవాళ్లు అక్కడ చిన్న ఇల్లు కట్టుకుని, పెరట్లో బీరపాదు పెట్టుకుని, చేపలు ఎండబెట్టుకుంటూ, ఇరుగుపొరుగుతో కబుర్లాడుకుంటూ రోజులు గడుపుతారు. పొద్దంతా పనిలో నలిగిన మనిషికి కాసేపు ప్రాణం కుదుటపడాలి, అంతే. ఆ పల్లెలో మనుషులు మాట్లాడే మాటలన్నీ రాయడానికి ఉషని పెట్టుకున్నారు. ఊరు కదలక్కర్లేదు, ఇంట్లో కూర్చునే రాసి పంపొచ్చు.

మొదటి నెల జనం బాగానే ఆడారు. రెండో నెలకి సగం మంది మానేశారు. కంపెనీ పెద్ద యుగంధర్ ఫోన్ చేశాడు. బొబ్బిలి మనిషి, నెమ్మదస్తుడు.

“కామెంట్లు చూశారా ఉషగారూ? ‘ఊరు బాగుంది, మనుషులే బొమ్మల్లా ఉన్నారు’ అంటన్నారు. కొత్త ఇళ్లు, కొత్త బట్టలు పెడితే నిలబడతారని మావాళ్లు అంటన్నారు. నాకెందుకో అది కాదనిపిస్తంది. ఏటి తక్కువైందో మీరొకసారి చూడండి.”

ఉష మూడు రోజులు ఆ ఆటే ఆడింది. ఎప్పుడు ఏ గుమ్మం ముందుకి వెళ్లినా మనిషి సిద్ధంగా నిలబడి ఉన్నాడు, పెళ్లి పందిరి దగ్గర పన్నీరు చల్లేవాళ్లలాగ. “రండి రండి, మీ తోట ఎంత బాగుందో” అన్నాడు. పొద్దున్న అదే, మధ్యాహ్నం అదే. మూడోరోజు ఆమెకి విసుగొచ్చి కిటికీలోంచి బయటికి చూసింది. తల్లి గున్నమ్మ ఇసకలో నెత్తళ్ల చేపలు ఆరబోస్తోంది. పక్కింటి మరిడమ్మ తట్టతో అటే వెళ్తూ ఏదో అడిగింది. గున్నమ్మ తలెత్తకుండానే జవాబు చెప్పింది. మరిడమ్మ ఆగకుండానే విని వెళ్లిపోయింది.

ఆటలో ఊరికి లేనిది ఇదేనని ఉషకి తట్టింది. ఆ ఊళ్లో ఎవరికీ సొంత పనంటూ లేదు. ఆడేవాడు వస్తాడని ఎదురుచూడడమే వాళ్ల బతుకు. మన కోసమే నిలబడ్డ మనిషి దగ్గరికి ఎన్నాళ్లని వెళ్తాం?

ఆ సాయంత్రమే కూర్చుని లక్ష్ముడు అనే ముసలి చేపల వేటగాణ్ని రాసింది. లక్ష్ముడికి తన పని తనకుంది. పొద్దున్నే బోటెక్కి వెళ్లిపోతాడు. ఆడేవాడు ఆలస్యంగా లేస్తే ఇంటికి తాళమే కనబడుతుంది. సాయంత్రం తిరిగొచ్చాక మనసైతే మాట్లాడతాడు, లేకపోతే “నీకేటి పని లేదేటి? నాకున్నాది” అంటాడు. పది రోజులు కనబడకుండా పోయి వస్తే, “ఎటెల్లిపోనావు? నాను సూసుకోలేదనుకున్నావేటి?” అని మొహం తిప్పుకుంటాడు. మనసు బాగున్న రోజున, “కూకో. కూకుంటే అద్దె అడగన్లే” అంటాడు.

వేళ్లు వాటంతటవే టైపు చేసుకుపోతున్నాయి. ముప్ఫై మాటలయ్యాక ఉష ఆగి, రాసింది మొదట్నుంచీ చదువుకుంది. అప్పుడు తెలిసింది, ఇందులో తను కల్పించింది ఒక్కటీ లేదని. అన్నీ నాన్న మాటలే.

తండ్రి దాలయ్య పోయి అప్పటికి రెండేళ్లు. ఒక ఆషాఢంలో తెల్లారగట్ల నలుగురు కలిసి వేటకి వెళ్లారు. తిరిగొస్తుంటే, ఒడ్డున ఇళ్లు కనబడేంత దగ్గర్లో కెరటం బోటుని తిరగేసింది. ముగ్గురు ఈదుకుని దరికి వచ్చారు. దాలయ్య రాలేదు. తొమ్మిది రోజులు అటు కళింగపట్నం దాకా, ఇటు భీమిలి దాకా ఒడ్డు వెంబడి వెతికారు. శవం కూడా దొరకలేదు. గున్నమ్మ ఏడవాల్సిందంతా ఆ తొమ్మిది రోజుల్లోనే ఏడ్చేసింది. ఆ తరవాత ఆ ఇంట్లో ఆయన పేరెత్తినవాళ్లు లేరు. తల్లి బాధపడుతుందని కూతురు ఎత్తలేదు, కూతురు బాధపడుతుందని తల్లి ఎత్తలేదు.

ఉషకి ఒక అలవాటుంది. రాసిన మాట నోటికి సరిపోతుందో లేదో పైకి చదివి చూసుకుంటుంది. మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని లక్ష్ముడి మాటలు అలాగే చదువుకుంటోంది.

“సంద్రం ఇంకా లెగలేదు. మనమెందుకు లేపడం? సుట్ట తాగి ఎలదాం.”

ఎండుచేపలు ఏరుతున్న గున్నమ్మ చేతులు ఆగిపోయాయి.

“మల్లీ సదువు.”

ఉష మళ్లీ చదివింది.

“ఎవులన్నారది?”

“ఆటలో ఒక ముసలాయనమ్మా. లక్ష్ముడని.”

“లచ్చుముడెవుడే! అది మీ నాన్న మాట.” గున్నమ్మ చేతులు చీరకి తుడుచుకుని దగ్గరగా జరిగింది. “ఇంకేటన్నాడు? సదువు.”

ముప్ఫై మాటలూ చదివించుకుంది. కొన్నిటికి నవ్వింది. ఒకదానికి “ఓలమ్మ, ఇది నీకెలా గేపకముందే” అంది. అంతా అయ్యాక తట్ట దగ్గరికి వెళ్లి మళ్లీ చేపలు ఏరుకుంది.

లక్ష్ముడు ఆటలోకి వచ్చిన వారానికి యుగంధర్ మళ్లీ ఫోన్ చేశాడు. ఆయన గొంతులో ఆశ్చర్యం. మానేసినవాళ్లు తిరిగొస్తున్నారట. ‘ఈ ముసలాడు మన మాట వినడు, ఎప్పుడుంటాడో తెలీదు, ఈ రోజు పలకరిస్తాడేమో చూడాలి’ అని రాస్తున్నారట. ఒకామె అయితే లక్ష్ముణ్ని పట్టుకోడానికి అలారం పెట్టుకుని లేస్తోందట. “అందర్నీ ఇలాగే రాసీండి” అన్నాడు.

ఈలోగా ఇంట్లో గున్నమ్మ ఆట నేర్చుకుంది. చదువు రాదు కనక బొమ్మలు చూసి ఎక్కడ నొక్కాలో గుర్తుపెట్టుకుంది. రోజూ పొద్దున్నే, చేపల పనికి దిగకముందే వచ్చి, “మీ ఊరెలదాం పద” అనేది. ఆమె తడిమి తడిమి రేవు దాకా నడిపించేది. లక్ష్ముడు నోరు విప్పగానే తెర మీద అక్షరాలు వచ్చేవి. ఉష చదివేది. తండ్రి గొంతు అనుకరించాలని ఆమె అనుకోలేదు గానీ, నాలుగు రోజులకి చదివే తీరే అలా మారిపోయింది. గున్నమ్మ ఊ కొడుతూ, ఒక్కోసారి జవాబు చెబుతూ వినేది. ఆట ఆమె జవాబు వినదు. అయినా చెప్పేది. “మరిడమ్మ కూతురికి ఆడపిల్ల పుట్టింది” అని చెప్పింది ఒకరోజు. “కప్పు మీద రెండు రేకులు మార్సినాం” అని చెప్పింది ఇంకోరోజు.

నెల తిరక్కముందే లక్ష్ముడు, “కూకో. కూకుంటే అద్దె అడగన్లే” అన్నాడు.

“ఇది మొన్న సెప్పీసినాడు కదా” అంది గున్నమ్మ.

“మాటలైపోతే మళ్లీ మొదట్నుంచి వస్తాయమ్మా.”

“మీ నాన్నకి మతిమరుపు లేదే.” ఆమె ఫోన్ కింద పెట్టేసింది. ఆ పూట మరి ముట్టుకోలేదు.

ఉషకి అవమానంగా అనిపించింది, తండ్రి విషయంలో తనేదో తక్కువ చేసినట్టు. గుర్తున్నవన్నీ తవ్వి తీసి ఇంకో పాతిక రాసింది. అవీ అయిపోయాయి. ఇరవై మూడేళ్లు ఒకే ఇంట్లో ఉండి నాన్న మాటలు తనకింతేనా తెలిసినవి అనుకుంది. పుస్తకం, పెన్ను తీసుకుని కూర్మయ్య దగ్గరికి వెళ్లింది.

కూర్మయ్య ఆ రోజు ఈదుకుని దరికి చేరిన ముగ్గురిలో ఒకడు. దాలయ్యని బావా అని పిలిచేవాడు. ఆ ప్రమాదం తరవాత వాళ్ల గుమ్మం తొక్కలేదు. ఉష వెళ్లేసరికి బోటు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆమెని చూసి లేవబోయి, మళ్లీ కూలబడ్డాడు.

“మావా, నాన్న మాటలు కావాలి. ఏటనీవాడో సెప్పు, రాసుకుంటాను.”

“ఎందుకమ్మీ?”

ఆమె ఆట సంగతి చెప్పింది. అతనికి ఎంత అర్థమైందో గానీ, చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. బోటు మీద కబుర్లు, తిట్లు, చేపలు పడనినాడు సముద్రంతో వేళాకోళాలు. “నెత్తళ్లు కూడా మన్ని సూసి మొకం సాటేసినాయిరా” అనేవాడట. నలభై పైగా రాసుకుంది. కూర్మయ్య నవ్వుతూనే చెబుతున్నాడు. నవ్వుతూనే ఉన్నట్టుండి వల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఆఖర్రోజు ఏటన్నాడో సెప్పీనా?”

ఉష పెన్ను పక్కన పెట్టింది.

“మీ అమ్మ మూడ్రోజులై మాటాడ్డం లేదట. తిరిగొస్తన్నంతసేపూ అదే గొడవ. ‘దానికి కోపం పోలేదురా కూర్మయ్యా. ఈయేల ఎల్లి నానే మాటాడతాను’ అన్నాడు. అప్పటికి ఒడ్డు కనబడతన్నాది.”

ఆ ఒక్క మాట ఉష పుస్తకంలో రాయలేదు. ఇంటికొచ్చి తల్లికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందోనని భయం.

కొత్త మాటలతో ఇంకో రెండు నెలలు గడిచాయి. ఒకరోజు గున్నమ్మ రేవులో లక్ష్ముడు బోటు తోసుకుని వెళ్తుంటే చూస్తూ అడిగింది.

“ఈడు రోజూ ఎల్లాలేటి?”

“వేటగాడు కదమ్మా.”

“ఎల్లొద్దని సెప్పడానికి లేదేటి ఇందులో?”

“లేదమ్మా.”

“నువ్వే కదేటి రాసిందీ? సెప్పీలాగ రాయి.”

తల్లి అడిగిన తీరు ఉష గమనించింది. రెండేళ్లలో తల్లి తననేదీ అలా అడగలేదు. యుగంధర్‌కి చెప్పి, తల్లి ఫోన్లో మాత్రం ఆట మార్పించింది. లక్ష్ముడు బయల్దేరేటప్పుడు ‘వెళ్లొద్దు’ అని ఒక గుర్తు కనబడుతుంది. అది నొక్కితే ఆగిపోతాడు.

మొదటిరోజు గున్నమ్మ అది నొక్కింది. లక్ష్ముడు బోటు వదిలేసి వచ్చి ఇసకలో కూర్చున్నాడు. “సరే, నువ్వు సెప్పావు కదా. ఉండిపోతాను” అన్నాడు. గున్నమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. రెండోరోజూ నొక్కింది. మూడోరోజూ. లక్ష్ముడు ఇసకలో కూర్చునే ఉన్నాడు. వెనకాల బోట్లు వెళ్తున్నాయి, వస్తున్నాయి. అతని చేతులు ఖాళీగా ఒళ్లో పడి ఉన్నాయి.

ఆరోరోజున గున్నమ్మ ఫోన్ కూతురి చేతిలో పెట్టింది.

“తీసీ అమ్మా ఇది. ఈ మనిసి మీ నాన్న కాడు.”

“నువ్వే కదమ్మా అడిగావు?”

“అడిగినాన్లే. మీ నాన్న నా మాట ఏనాడిన్నాడు? ఇనుంటే ఆయనెలా అవుతాడు? ఎల్లొద్దంటే ఇంకో అరగంట ముందెల్లీవాడు. ఈడెవుడో నా మాటకి కట్టీసిన మేకలాగ కూకున్నాడు. సూళ్లేకపోతన్నాను.” తరవాత గొంతు తగ్గించి అంది. “నాకు సెప్పాలనున్నది అది కాదమ్మా.”

“మరేటి?”

“మరిడమ్మోలింట సుభకార్యంలో నా సేపల పులుసు మీద అందరి ముందరా ఎకసెక్కాలాడినాడు. అందరూ నవ్వినారు. నాకు రోసమొచ్చింది. మూడ్రోజులు మాటాడ్లేదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి ‘ఎల్లొస్తానే’ అన్నాడు. నాను పొయ్యి వేపు తిరిగున్నాను. ఇన్నాను. పలకలేదు. కాసేపు నిలబడినాడమ్మా. అడుగులు ఇనబడలేదు, నిలబడే ఉన్నాడని తెలుస్తన్నాది. అయినా ఎనక్కి తిరగలేదు. ‘ఎల్లిరా’ అంటే నా సొమ్మేటి పోనాది? ముప్పై ఏల్లు రోజూ అన్న మాటే. ఆ ఒక్కరోజు అన్లేదు.”

ఉష ఇక దాచుకోలేకపోయింది. కూర్మయ్య చెప్పింది చెప్పేసింది, ఒక్క అక్షరం తగ్గకుండా. గున్నమ్మ వింటూ వింటూ గోడకి జారబడిపోయింది.

“నానే మాటాడతానన్నాడా?”

“అన్నాడటమ్మా.”

“అంటే వస్తాననే అనుకున్నాడు.” అంతే అంది. ఆ మాట ఆమెకి ఊరటో, మరింత గుండెకోతో ఉషకి తెలియలేదు. గున్నమ్మ కూతురి భుజం మీద తల పెట్టి, రెండేళ్ల కిందట తొమ్మిది రోజుల్లో ఏడవని ఏడుపు ఏడ్చింది. బయట ఆరబోసిన చేపల మీద కాకులు వాలుతుంటే ఎవరూ లేచి తోలలేదు.

ఆ వారం ఉష ఆటలోంచి ‘వెళ్లొద్దు’ తీయించి, ‘ఎల్లిరా’ పెట్టించింది. అది రాస్తూ తల్లిని అడిగింది. “ఎల్లిరా అంటే నాన్న ఏటనీవాడమ్మా?”

“ఏటీ అనడు. తలూపి ఎలిపోతాడు.”

లక్ష్ముడికి అక్కడ మాట రాయలేదు.

శుక్రవారం పొద్దున్న గున్నమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. ఫోన్లో లక్ష్ముడు రేవులోకి వచ్చాడు. బోటు మీద చెయ్యి వేసి ఆగాడు. గున్నమ్మ గుర్తు మీద వేలు పెట్టింది, పైకి కూడా అంది. “ఎల్లిరా.” లక్ష్ముడు తలూపాడు. బోటు నీళ్లలోకి జరిగింది. మొదటి కెరటం దాటింది, రెండోది దాటింది, చిన్నదయిపోయింది.

గున్నమ్మ ఫోన్ తిరగేసి నేల మీద పెట్టింది.

“కాసేపు చూడమ్మా. ఆటలో సాయంత్రానికి వచ్చేస్తాడు.”

“వస్తాడని తెలుసులే” అంది గున్నమ్మ. “వొచ్చింది సూస్తే నాకు ఆస పుడతాది. వొద్దు.”

తరవాత ఆమె ఆ ఆట తెరవలేదు. ఉష కూడా అడగలేదు.

‘ఎల్లిరా’ని యుగంధర్ అందరి ఫోన్లలోకీ ఇచ్చాడు. దాని వల్ల ఆడేవాళ్లకి వచ్చే లాభమేమీ లేదు. పూలు రావు, చేపలు రావు, లక్ష్ముడి ఇష్టం పెరగదు. అయినా వేలమంది రోజూ పొద్దున్నే వచ్చి అది నొక్కి వెళ్తున్నారు. మంచాన పడ్డ తండ్రికి సేవ చేసుకుంటున్నానని ఒకడు, హాస్టల్లో ఒంటరిగా ఉంటున్నానని ఒకమ్మాయి రాశారు. ఇంకో ఊరు పెడదామని, ఇంకో పాతిక మందిని రాయాలని యుగంధర్ ఉత్సాహపడ్డాడు. లక్ష్ముడికి మాత్రం ప్రతివారం కొత్త మాటలు కావాలి. నాన్నవి అయిపోయాయి, కూర్మయ్య చెప్పినవీ అయిపోయాయి. ఉష తనే కల్పించి రాయసాగింది. మొదట్లో కష్టమయ్యేది. రాన్రానూ కలం ఆగేది కాదు.

మళ్లీ ఆషాఢం వచ్చింది. ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. మరిడమ్మ తట్ట నెత్తిన బోర్లించుకుని పరుగున వచ్చి అరుగెక్కింది. గున్నమ్మ తాటాకు తడికకి ఆనుకుని సముద్రం మీద పడుతున్న వాన చూస్తోంది. ఉష లోపల పని చేసుకుంటోంది.

“మీ అన్న అనీవాడు మరిడీ” అంది గున్నమ్మ. “‘సంద్రం మీద వాన పడితే ఎవులికి లాభం? అయినా పడతాది. దానికదో సరదా’ అని.”

“అవునొదినా. అనీవాడు” అంది మరిడమ్మ. “నాకూ గేపకమే.”

లోపల ఉష చేతులు ఆగిపోయాయి. ఆ మాట దాలయ్య అనలేదు. కిందటేడు కార్తీకంలో, ఒక బుధవారం భోజనం అయ్యాక, వాన రోజుకి లక్ష్ముడి చేత ఏదో ఒకటి అనిపించమని యుగంధర్ అడిగితే ఆమె రాసింది. తల్లికి చదివి వినిపించి కూడా ఉండదు. లేక రాస్తున్నప్పుడు పైకి అనుకుందేమో, పక్కగదిలో తల్లి విందేమో.

లేచి వెళ్లి చెబుదామనుకుంది. లేవలేదు. దస్తరం తెరిచి మొదట్నుంచీ చూసింది. ఆరువందల పైచిలుకు మాటలు. మొదటి ముప్ఫై నాన్నవి, అంతవరకూ సందేహం లేదు. తరవాత పాతికలో ఒకటి దగ్గర ఆగింది. ఇది నాన్నదేనా? ఇంకో పేజీ. ఇది కూర్మయ్య మావ చెప్పిందా, తను కలిపిందా? ఏది ఎవరి మాటో గుర్తు పెట్టుకోవాలని ఆనాడు తోచలేదు. అన్నీ ఒకే మనిషి మాటల్లా ఉన్నాయి. కళ్లు మూసుకుని, ఒక్కసారి నాన్న గొంతులో వినాలని ప్రయత్నించింది. “కూకో” అన్నాడు. ఆ గొంతు నాన్నది కాదు. రోజూ పొద్దున్న అరుగు మీద చదివిన తన గొంతే అది.

“ఉషమ్మా!” బయటనుంచి గున్నమ్మ పిలిచింది. “కదేటి? మీ నాన్న అనీవాడు కదా?”

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. ఆ చప్పుడులో తన గొంతు ఎలా వినబడుతుందోనని ఉష ఒక్క క్షణం ఆగింది.

“అనీవాడమ్మా” అంది.